ఎనుమాముల కాంటా మీద బంగారం

ఎండాకాలం చివరికి వచ్చేసరికి మా హనుమకొండలో గోడలు కనిపించవు. బస్టాండు మొదలుకొని నక్కలగుట్ట దాకా, అక్కడినుంచి కాజీపేట దాకా స్తంభానికో ఫ్లెక్సీ, గోడకో హోర్డింగు. ఒక్కొక్కదాని మీద డజన్లకొద్దీ ముఖాలు. ప్రతి ముఖం కింద ఒక అంకె. గమనించి చూడండి: పిల్లవాడి పేరు చీమ తలకాయంత, అంకె మాత్రం గుమ్మడికాయంత. ఆ బిడ్డ ఎవరి బిడ్డ, ఏ ఊరివాడు, ఏమి చదివాడు, ఏమి చదవాలనుకున్నాడు అన్న సంగతులతో ఆ హోర్డింగుకు నిమిత్తం లేదు. అంకె ఒక్కటే నిజం, తక్కినదంతా మిథ్య.

ఆమధ్య ఒక వేసవిలో ఇలాంటి ఫ్లెక్సీ కిందనే టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా, ములుగు రోడ్డులో ఆటో సామాన్ల దుకాణం నడిపే పరిచయస్థుడొకాయన కలిశాడు. ముఖం వాడిపోయి ఉంది. ఏమైందని అడిగాను.

"మా పిలగాడు ఆగమైండు సార్. పదివేల మూడువందలొచ్చింది."

లక్షమందికి పైగా రాసిన పరీక్షలో పదివేల మూడువందల ర్యాంకు తెచ్చుకున్నవాడు ఆగం కావడమేమిటని నేను ఓదార్చబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గా మూడువందలు లేకుంటే ఫీజంత సర్కారే కట్టేది సార్. ఒక్క ప్రశ్న. ఒక్కటంటే ఒక్కటి."

నేను ఇక మాట్లాడలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో ఒక నియమం వచ్చింది: బీసీ, ఈబీసీ విద్యార్థులలో ఎంసెట్ ర్యాంకు పదివేల లోపు వస్తే కళాశాల ఫీజు మొత్తం ప్రభుత్వమే చెల్లిస్తుంది, దాటితే 35 వేల రూపాయల వరకే. తెలంగాణ వచ్చాక కూడా ఈ గీత చెరిగిపోలేదు. గీతకు ఇవతల ఉన్నవాడు ప్రతిభావంతుడు, అవతల ఉన్నవాడు అప్పులపాలు. ఏడాదికి లక్షకు పైగా ఫీజు ఉన్న కళాశాలలో ఆ ఒక్క ప్రశ్న ఖరీదు నాలుగేళ్ళకు ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఆనాటినుంచి ఈ విషయం నన్ను వదలలేదు. నా మాట ముందే చెప్పేస్తాను, తరువాత వాదిస్తాను: ప్రవేశపరీక్ష ఉండాలి, ర్యాంకు పోవాలి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే మన చదువుల్లో ఇంత అన్యాయం ప్రతిభ అనే పేరుతో చలామణి అవుతున్నది.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోవాలి, లేకపోతే "అందని ద్రాక్ష పుల్లన" అని మీరు వ్యాఖ్య రాస్తారు. నాకు ఆ ద్రాక్ష అందింది. పరకాల దగ్గరి పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివి, 1994లో ఎంసెట్ రాసి, ఇప్పుడు ఎన్‌ఐటీగా పిలిచే మన ఆర్‌ఈసీలో సీటు తెచ్చుకున్నవాణ్ణి. 1959 అక్టోబరు 10న నెహ్రూ స్వయంగా వచ్చి శంకుస్థాపన చేసిన కళాశాల అది. దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలల్లో మొట్టమొదటిది. ఆ రోజుల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానివి, వాటిని ఎంసెట్ ర్యాంకును బట్టే నింపేవారు. అప్పటికి మా ఊళ్ళో ఆ గేటు లోపలికి వెళ్ళిన వాడు లేడు. నన్ను ఊరంతా మోసింది.

నాతోపాటు ఒకే బల్ల మీద కూర్చున్న మిత్రుడొకడుండేవాడు. కలన గణితం నాకు నేర్పింది మా అధ్యాపకుడు కాదు, వాడు. సాయంత్రాలు చెరువు కట్ట మీద కూర్చుని పుల్లతో మట్టిలో గీసి చెప్పేవాడు. పరీక్షలో వాడికి నాకంటే నాలుగు మార్కులు తక్కువ వచ్చాయి. ఇప్పటిలాగా ఊరూరా ఇంజనీరింగు కళాశాలలు లేని కాలం. ఉన్న ప్రైవేటు సీటుకు కట్టే తాహతు లేదు. హనుమకొండలో డిగ్రీ చదివి, బీఈడీ చేసి, డీఎస్సీ రాసి జిల్లా పరిషత్ పాఠశాలలో లెక్కల మాస్టరయ్యాడు. మంచి మాస్టరు, అది వేరే సంగతి.

ఆ నాలుగు మార్కులు నాకు ఎలా వచ్చాయో నాకు తెలుసు. సమయం అయిపోతుండగా, చదవని ప్రశ్నలన్నిటికీ కళ్ళు మూసుకుని జవాబులు గుర్తించి వచ్చాను. వాడు తెలియనివి ఖాళీగా వదిలేశాడు. తెలియని దానికి జవాబు రాయడం వాడి దృష్టిలో అబద్ధమాడటం. వాడి నిజాయితీకి నాలుగు మార్కుల జరిమానా పడింది. నా గుడ్డితనానికి ఆర్‌ఈసీ సీటు దక్కింది. అయినా ఇరవై ఏళ్ళపాటు నేను నా ర్యాంకును నా ప్రతిభే అనుకున్నాను. ఈ టపాలో తిట్టేది ముందుగా ఆ నన్నే.

ఇది వినగానే "అయితే పరీక్షలే వద్దందాం" అనేవారు సిద్ధంగా ఉంటారు. తొందరపడకండి. పరీక్ష ఎందుకు వచ్చిందో మరిచిపోతే ఎలా? 1983లో మన రాష్ట్రంలో ఒక చట్టం చేశారు. విద్యాసంస్థల ప్రవేశాల క్రమబద్ధీకరణ, కాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం అని దాని పేరు. చరిత్ర అంతా ఆ పేరులోనే ఉంది. సీటుకు సంచీతో డబ్బు పట్టుకెళ్ళే కాలానికి విరుగుడుగా, అర్హత పరీక్ష మార్కులో ప్రవేశపరీక్ష ర్యాంకో తప్ప మరొకటి చూడరాదని ఆ చట్టం అన్నది. ఎవరి కొడుకువు, ఏ దొర సిఫారసు, ఏ కులం పెద్ద ఉత్తరం అని అడగని తలుపు ఈ దేశంలో పేదవాడికి ఏదైనా ఉందంటే అది ఇదొక్కటే. మా నాన్న సంతకం కూడా సరిగా పెట్టలేకపోయేవాడు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, వేషభాషలు చూసి సీటు ఇచ్చే పద్ధతే ఉండి ఉంటే నేను ఆ గేటు బయటే ఉండేవాణ్ణి. కనుక పరీక్షను కూలదోయమనే వారితో నేను లేను.

నా పేచీ తూకంతో. మన ఎనుమాముల మార్కెట్టును చూసే ఉంటారు. ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటని పేరు. అక్కడ కాంటా మీద మిర్చి బస్తాలు, పత్తి బోరాలు తూస్తారు. నలభై కిలోలకూ యాభై కిలోలకూ తేడాను ఆ కాంటా నిక్కచ్చిగా చెబుతుంది. దాని పని అదే, అందులో దానికి వంక పెట్టలేం. కాని ఎవరైనా దాని మీద పుస్తెలతాడు పెట్టి, ఇది తులమా, తులంమీద ఒక గురివెంద ఎత్తు ఎక్కువా అని అడిగితే? కాంటా ఏదో ఒక అంకె చూపిస్తుంది. చూపించింది కదా అని నమ్మేవాడిదే తప్పు. మన ప్రవేశపరీక్ష అలాంటి బస్తాల కాంటా. దాని మీద మనం బంగారం తూస్తున్నాం.

మాటలతో సరిపెట్టను, లెక్క చూపిస్తాను. ఎంసెట్ ఇంజనీరింగు ప్రశ్నపత్రంలో (2024 నుంచి తెలంగాణలో దాని పేరు ఈఏపీసెట్) 160 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు, ఒక మార్కు. తప్పుకు కోత లేదు. అంటే ప్రశ్నపత్రం తెరవకుండా, కళ్ళకు గంతలు కట్టుకుని జవాబులు గుర్తించిన మనిషికి సగటున వచ్చే మార్కులు నలభై. మరి ఆ పరీక్షలో అర్హత మార్కు ఎంతో తెలుసా? 160లో పాతిక శాతం. నలభై! గుడ్డివాటం సగటును అర్హతగా పెట్టి దానికి ప్రతిభ అని పేరు పెట్టుకున్న జాతి మనది.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. సరిసమానమైన ఇద్దరు పిల్లలను తీసుకోండి. ఇద్దరికీ వంద ప్రశ్నలకు జవాబు నికరంగా తెలుసు. మిగిలిన అరవైకి ఇద్దరూ గుడ్డిగా గుర్తించారు. సగటున ఒక్కొక్కరికి పదిహేను కలవాలి. కాని పాచికలు ఎప్పుడూ సగటున పడవు. ఒకరికి పన్నెండు పడవచ్చు, ఒకరికి పద్దెనిమిది. సంభావ్యతా శాస్త్రం తెలిసినవారు ఎవరైనా వేసి చూడవచ్చు: ఇలాంటి జంటలను నాలుగింటిని తీసుకుంటే, రమారమి ఒక జంటలో ఆరు మార్కులో అంతకు మించో తేడా వస్తుంది. ఇద్దరికీ తెలిసింది ఒక్కటే, చదివింది ఒక్కటే, బుర్ర ఒక్కటే. కాని ఒకరు 112, ఒకరు 118. ఈ ఆరు మార్కుల మధ్య ఎన్ని వందల, ఎన్ని వేల పిల్లలు నిలబడి ఉంటారో ర్యాంకు కార్డులు చేతబట్టుకున్న ప్రతి ఇంటికీ తెలుసు. మా దుకాణదారు కొడుకు పోగొట్టుకున్నది ఆరు మార్కులు కూడా కాదు, ఒక్కటి.

జాతీయ స్థాయి పరీక్షలో తప్పుకు కోత ఉంది కదా అంటారు. ఉంది. కాని అక్కడి వింత ఇంకొకటి. జేఈఈ మెయిన్‌లో పర్సెంటైల్‌ను ఏడు దశాంశ స్థానాల వరకు లెక్కగడతారు. ఏడు! పరీక్ష రోజు పిల్లవాడికి కొంచెం జ్వరం తగిలినా, ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా, తనకు వచ్చిన విడతలో నాలుగు ప్రశ్నలు తను చదివిన పాఠంలోంచి పడకపోయినా మొదటి స్థానమే తలకిందులవుతుంది. మిగిలిన ఆరు స్థానాలు ఏ బంగారాన్ని తూస్తున్నట్టు?

ఇంతకూ సమాన మార్కులు వస్తే ఏం చేస్తారు? మన ఎంసెట్‌లో లెక్కల మార్కులు, ఆపైన భౌతికశాస్త్రం మార్కులు చూస్తారు. ఏదీ తేల్చనప్పుడు పుట్టిన తేదీ చూస్తారు. ముందు పుట్టినవాడికి పై ర్యాంకు. వాడి అమ్మ పురుడు నాలుగు రోజులు ముందు జరగడం వాడి ప్రతిభలో భాగమా? కాదని ప్రభుత్వానికీ తెలుసు. తమ తక్కెడ ఇక ఏమీ చెప్పలేని చోట ఏదో ఒక చీటీ తీయక తప్పదని వాళ్ళే ఒప్పుకున్నారన్నమాట. నేను అనేదల్లా ఆ చోటు వాళ్ళు అనుకున్నదానికంటే చాలా ముందే మొదలవుతుందని.

ఇవన్నీ తూకంలోని లోపాలు. తూచే ముందు జరిగేది మరో కథ. ఒక బిడ్డ ఎనిమిదో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్ అని, ఇంటర్ రెండేళ్ళూ పొద్దున ఐదింటినుంచి రాత్రి పదింటిదాకా ప్రశ్నల బ్యాంకులు నూరి, వారానికో నమూనా పరీక్ష రాసి వస్తాడు. ఇంకో బిడ్డ ఏటూరునాగారం అవతల, లెక్కల అధ్యాపకుడి ఖాళీ రెండేళ్ళుగా భర్తీ కాని ప్రభుత్వ కళాశాలనుంచి వస్తాడు. మొదటివాడికి 110, రెండవవాడికి 100. వీరిలో నాలుగేళ్ళ తరువాత మంచి ఇంజనీరయ్యేది ఎవరు? కాంటా చెప్పలేదు, ఎందుకంటే బస్తాలో నీళ్ళు చల్లారో లేదో కాంటా అడగదు. పత్తిలో తేమ శాతం చూసి ధర కట్టడం మన మార్కెట్టులో గుమాస్తాకు కూడా తెలుసు. సీట్లు పంచేవారికి మాత్రం తెలియదు.

సరే, ర్యాంకు వద్దన్నవారు చూపే దారులు రెండు. మొదటిది ఇంటర్ మార్కులు కలపడం. అదీ చూశాం. ఎంసెట్‌లో ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు పాతిక శాతం వెయిటేజీ ఏళ్ళ తరబడి నడిచింది. తెలంగాణలో 2023లో దాన్ని శాశ్వతంగా తీసేశారు. ఎన్‌ఐటీలకు 2013 నుంచి 2016 దాకా పన్నెండో తరగతి మార్కులకు నలభై శాతం విలువ ఇచ్చి, 2017లో మానేశారు. ఏం ఒరిగింది? ప్రశ్నల బ్యాంకు అమ్మినవారే మార్కుల బ్యాంకునూ అమ్మారు. సొంత కళాశాలలో జరిగే ప్రయోగ పరీక్షలకు ముప్పైకి ముప్పై వేసుకోవడం, దాన్ని ఆపటానికి వేరే కళాశాలలో జరిపే జంబ్లింగ్ అనగానే యాజమాన్యాలు గగ్గోలు పెట్టడం మనకు కొత్తా? ఆపైన 2019 ఏప్రిల్‌ను తెలంగాణలో ఏ తల్లి మరిచిపోగలదు? ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, తెలుగులో తొంభై తొమ్మిది రావలసిన అమ్మాయికి సున్నా వచ్చింది. ఆ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అటు ప్రవేశపరీక్ష మాత్రం పవిత్రమా అంటే, 2016లో ఎంసెట్-2 వైద్యవిద్య ప్రశ్నపత్రం బయటికి పొక్కి, పరీక్ష రద్దయి, సెప్టెంబరులో పిల్లలు మూడోసారి రాయవలసి వచ్చింది. ఒక తక్కెడ చెడ్డదని రెండో తక్కెడకు మొక్కటం పరిష్కారం కాదు.

రెండో దారి అమెరికాలో ఉన్న మన మిత్రులు చూపేది. "అక్కడ పిల్లవాణ్ణి మొత్తంగా చూస్తారు, వ్యాసాలు, సిఫారసు ఉత్తరాలు, ఆటలు, సేవా కార్యక్రమాలు." నిజమే, చూస్తారు. చూసి ఎవరిని తీసుకుంటున్నారు? 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు అక్కడి అత్యున్నత విశ్వవిద్యాలయాల లెక్కలు తీశారు. శాట్ స్కోరు ఒక్కటే ఉన్నా, మధ్యతరగతి పిల్లలకంటే అతిసంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలు వాటిలో చేరే అవకాశం రెండింతలకు పైగా ఉందని తేలింది. ఆ అదనం ఎక్కడినుంచి వచ్చింది? తల్లిదండ్రులు అక్కడ చదివి ఉండటంనుంచి, ఆటలనుంచి, ఆ ఉత్తరాలూ కార్యక్రమాలనుంచి. మన దగ్గర ఆ పద్ధతి పెట్టి చూడండి: పదో తరగతి పిల్లవాడి పేర సేవాసంస్థ ఒకటి, వాడి వ్యాసం రాసిపెట్టే దుకాణం ఒకటి అశోకా జంక్షన్లో మర్నాడే వెలుస్తాయి.

కోవిడ్ కాలంలో శాట్‌ను పక్కన పెట్టిన ఎంఐటీ 2022లో మళ్ళీ తెచ్చుకున్నది. డార్ట్‌మత్ 2024లో తెచ్చుకున్నది. డార్ట్‌మత్ చెప్పిన కారణం మనం వినవలసినది: పేద కుటుంబాల పిల్లలు తమ స్కోరు తక్కువనుకుని పంపడం మానేశారు, నిజానికి వాళ్ళ బడి పరిస్థితి పక్కన పెట్టి చూస్తే ఆ స్కోరే వాళ్ళకు సీటు తెచ్చిపెట్టి ఉండేది. అంకె చెడ్డది కాదు. అంకెను ఒంటరిగా చూడటం చెడ్డది.

కనుక నేను కోరేది ఇది. పరీక్ష పెట్టండి, కఠినంగానే పెట్టండి. తప్పుకు కోత పెట్టి గుడ్డివాటాన్ని నిరుత్సాహపరచండి. ఫలితాన్ని ర్యాంకుగా కాక, అంతరాలుగా ప్రకటించండి: ఈ పది మార్కుల లోపలివారంతా ఒక వరుస. ఆ వరుసలో ముందు ఎవరన్నది వాడు ఎక్కడినుంచి వచ్చాడో చూసి తేల్చండి. ఇది నా ఊహ కాదు. 2008లో మన రాష్ట్రంలోనే బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పదో తరగతి మార్కులనే ప్రాతిపదికగా తీసుకున్నారు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి జీపీఏ మీద 0.4 కలిపే పద్ధతి తెచ్చారు. 0.4! ఎంత చిన్న అంకె! ఆ చిన్న అంకె ఎన్ని పల్లెల తలుపులు తెరిచిందో మా మాస్టరు మిత్రుణ్ణి అడగండి. వాడి బడినుంచి ఇద్దరు బాసర వెళ్ళారు. టెక్సాస్ రాష్ట్రంలో 1997లో చేసిన చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, ఏ బడి అయినా సరే, ఆ బడిలో మొదటి పది శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల తలుపులు తెరిచింది.

అప్పటికీ సమానంగా మిగిలినవారికి? చీటీలు తీయండి. నవ్వకండి. నెదర్లాండ్స్‌లో దశాబ్దాలపాటు వైద్యవిద్య సీట్లకు లాటరీ తీశారు, మంచి మార్కులవారికి కొంచెం ఎక్కువ అవకాశం ఇచ్చి. 2017లో దాన్ని మానేసి, కొన్నేళ్ళకే మళ్ళీ కళాశాలలకు అనుమతించారు. "నా బిడ్డ భవిష్యత్తు చీటీల మీదా?" అని కోప్పడేవారికి ఒక్కటే జవాబు: ఇప్పుడూ చీటీల మీదే ఉంది. కాకపోతే ఇప్పటి చీటీకి ర్యాంకు అని పేరు. బహిరంగ చీటీలో ఓడినవాడు "అదృష్టం లేదు" అనుకుని అన్నం తింటాడు. ర్యాంకు చీటీలో ఓడినవాడు "నేను పనికిరాను" అనుకుంటాడు. గెలిచినవాడు, నాలాగా, ఇరవై ఏళ్ళు తనను తాను మోసం చేసుకుంటాడు. ఈ రెండు అబద్ధాలనూ మాన్పించగలిగితే చీటీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఈమధ్య పరకాల వెళ్ళినప్పుడు ఈ వాదనంతా మా మిత్రుడికి వినిపించాను. ముప్పై ఏళ్ళ కిందటి నాలుగు మార్కుల సంగతీ ఒప్పుకున్నాను. వాడు చాక్‌పీసు పొడి అంటిన చేతులు దులుపుకుని నవ్వాడు.

"నువ్వు గుడ్డిగ పెట్టినవని నాకప్పుడే ఎరుకేరా. నాకైన బాధ సీటు రాలేదని గాదు. నీకు లెక్కలు నాకంటె మంచిగొస్తయని ఊరంత నమ్మింది సూడు, గది."

మా దుకాణదారుకూ ఒకనాడు ఆ అరవై ప్రశ్నల లెక్క కాగితం మీద వేసి చూపించాను. వాడి కొడుకు పదివేల లోపువాడికంటే తక్కువవాడని ఏ గణితమూ చెప్పలేదని వివరించాను. ఓపికగా విన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "మంచిగ చెప్పిండ్రు సార్. మరి గిది సర్కారుకు గూడ చెప్పుండ్రి" అన్నాడు.

సర్కారు నా మాట వింటుందన్న భ్రమ నాకు లేదు. మీరు చదువుతారు కనుక మీకు చెబుతున్నాను. మీలో చాలామంది నాలాగే ఒక అంకె పుణ్యాన ఆ గేటు దాటినవారు. వచ్చే ఎండాకాలం మీ ఇంట్లో ఏ బిడ్డకైనా ఫలితం వస్తే, ర్యాంకెంత అని అడిగే ముందు మీ బల్ల మీద మీ పక్కన కూర్చున్నవాణ్ణి ఒక్కసారి తలుచుకోండి.